చిప్ యాంప్లిఫయర్: సర్క్యూట్ పటం చూపించని దారులు

ఐదు కాళ్ల చిప్ ఒకటి, నాలుగు రెసిస్టర్లు, ఏడు కెపాసిటర్లు. ఎల్ఎం1875తో ఇరవై వాట్ల యాంప్లిఫయర్ కట్టుకోవడానికి సర్క్యూట్ పటం అడిగే సామాను ఇంతే. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాళ్లు ఒక సాయంత్రంలో పూర్తి చేయగలరు. అయితే అదే పటం, అవే విలువలు పెట్టుకుని ఇద్దరు కడితే, ఒకరి పెట్టె పాట ఆగినప్పుడు ఆన్‌లో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంటుంది. రెండోది స్విచ్ వేసిన క్షణం నుంచి గుయ్యిమంటుంది, పావుగంటకల్లా ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. చిప్ ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

పటంలో ఉత్త గీతలుగా కనిపించే వాటి నుంచి, అసలు గీయనే గీయని వాటి నుంచి. విద్యుత్తు వచ్చే దారి, వేడి బయటికి పోయే దారి, గ్రౌండుకు తిరిగి చేరే దారి: ఈ మూడే చిప్ యాంప్లిఫయర్‌ని నిలబెట్టేవి, పడగొట్టేవి. కష్టమైన పనంతా చిప్ తయారుచేసిన ఇంజనీర్లు ముందే చేసిపెట్టారు. మనకు మిగిలింది ఈ మూడు దారులు.

చిప్ చేసే పని

పవర్ యాంప్లిఫయర్ చిప్ అంటే బలమైన అవుట్‌పుట్ ఉన్న ఆప్ ఆంప్. దానికి రెండు ఇన్‌పుట్లు ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడా సున్నాకు చేరేదాకా అది అవుట్‌పుట్‌ని పైకో కిందికో తోస్తూనే ఉంటుంది. పాట ఒక ఇన్‌పుట్‌కి వెళ్తుంది. అవుట్‌పుట్‌లో చిన్న వాటా రెండు రెసిస్టర్ల గుండా వెనక్కి వచ్చి రెండో ఇన్‌పుట్‌కి చేరుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆ రెసిస్టర్లు 22 కిలో ఓములు, 1 కిలో ఓము అయితే వెనక్కి వచ్చేది ఇరవైమూడో వంతు. దాన్ని అసలు పాటతో సమానం చేయాలంటే అవుట్‌పుట్ 23 రెట్లు ఉండక తప్పదు. గెయిన్ అంటే ఇదే. చిప్ లోపల ఎన్ని ట్రాన్సిస్టర్లు ఉన్నా, బయట ఎంత పెరగాలో తేల్చేది ఈ రెండు రెసిస్టర్ల నిష్పత్తే.

గెయిన్ ఎక్కువగా ఉందని తగ్గించేద్దామని కొందరికి అనిపిస్తుంది. అక్కడ ఒక హద్దు ఉంది. ఎల్ఎం1875, ఎల్ఎం3886 రెండూ గెయిన్ 10కి తగ్గకుండా ఉంటేనే స్థిరంగా పనిచేస్తాయి. అంతకన్నా దిగితే వెనక్కి వచ్చే వాటా మరీ ఎక్కువై, చెవికి వినపడని హై ఫ్రీక్వెన్సీలో చిప్ తనంతట తానే ఊగడం మొదలుపెడుతుంది. శబ్దం తగ్గించాలంటే ఇన్‌పుట్ దగ్గర వాల్యూమ్ కంట్రోల్ పెట్టడమే సరైన మార్గం.

1 కిలో ఓము రెసిస్టర్ కింద 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే బాస్ ఇంకా లోతుకు వెళ్తుందని ఆశపడవద్దు. అది ఉండబట్టే డీసీకి, అంటే ఊగకుండా నిలకడగా ఉండే వోల్టేజికి, గెయిన్ ఒకటికి పడిపోతుంది, చిప్‌లోని చిన్నపాటి అసమానతలు 23 రెట్లు పెరిగి స్పీకర్ మీద పడకుండా ఉంటాయి. ఆ కెపాసిటర్ కోత పెట్టేది 7 హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవికి 20 హెర్ట్జ్ కింద ఎలాగూ పనిలేదు.

ఏ చిప్ తీసుకోవాలి? బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరుకు ఎల్ఎం386 చాలు. 4 నుంచి 12 వోల్టుల మీద పనిచేస్తుంది కానీ ఒక వాటు దాటుతుందని ఆశించకూడదు. గదికి సరిపడా వినాలంటే టీడీఏ2030, ఎల్ఎం1875. అంతకు పైన ఎల్ఎం3886, టీడీఏ7294. క్లాస్ డీ చిప్పులు వేడి తక్కువ, బలం ఎక్కువ. కానీ అవి లక్షల హెర్ట్జ్‌లో ఆన్ ఆఫ్ అవుతుంటాయి కాబట్టి బోర్డు డిజైన్ మనం చేతితో అతికించే స్థాయిది కాదు, తయారైన బోర్డు కొనుక్కోవడమే నయం. మొదటిసారి కట్టేవారికి నేను సూచించేది ఎల్ఎం1875. ఐదే కాళ్లు, ఓర్పుగల చిప్, శబ్దమూ నిజంగా బాగుంటుంది. కింద లెక్కలన్నీ దాని మీదే వేస్తాను.

వోల్టేజి లెక్క ఎందుకు తప్పుతుంది

8 ఓముల స్పీకరుకు 20 వాట్లు అందాలంటే అవుట్‌పుట్ అలల శిఖరం దాదాపు 18 వోల్టులకు చేరాలి. అప్పుడు కరెంటు శిఖరం 2.2 ఆంపియర్లు. చిప్ సప్లయి అంచుదాకా వెళ్లలేదు, అటూ ఇటూ 3 వోల్టులు తనకే ఉంచుకుంటుంది. గట్టిగా పాడుతున్నప్పుడు సప్లయి కూడా ఒకటి రెండు వోల్టులు కుంగుతుంది. అన్నీ కలిపితే ప్లస్ 23, మైనస్ 23 వోల్టులు కావాలి. ప్లస్ మైనస్ 25 ఉంటే నిశ్చింత.

18-0-18 ట్రాన్స్‌ఫార్మర్, అంటే మధ్య తీగకు అటూ ఇటూ 18 వోల్టుల చొప్పున ఇచ్చేది, ఇందుకు సరిపోతుంది. దాని మీద రాసిన 18 ఆర్ఎంఎస్ విలువ, అంటే ఏసీ అలకు ఒక రకం సగటు. శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 25.4. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్లు ఒక వోల్టు మింగుతాయి. మిగిలేది 24.5. ఇంతవరకు అందరూ సరిగ్గానే లెక్క వేస్తారు.

తప్పు జరిగేది దీని తర్వాత. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే వోల్టేజి పూర్తి లోడు మీద ఉన్నప్పటిది. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పది శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఇస్తాయి. గోడ ప్లగ్గులో వోల్టేజి కూడా మరో పది శాతం ఎక్కువగా ఉన్న రోజు 18 కాస్తా 21.8 అవుతుంది. దాని శిఖరం 30.8, డయోడ్లు పోగా దాదాపు 30. రెండు వైపులా కలిపితే 60 వోల్టులు. ఎల్ఎం1875 భరించగల గరిష్ఠ సప్లయి సరిగ్గా అంతే. కాబట్టి ఈ చిప్‌కి 18-0-18 ఆఖరి మెట్టు. ఎక్కువ వాట్ల కోసం 24-0-24 పెడితే, పాట మొదలవక ముందే చిప్ పోయే అవకాశం ఉంది. టీడీఏ2030కి హద్దు ప్లస్ మైనస్ 18 మాత్రమే. చాలా పటాల్లో కనిపించే 12-0-12 కూడా ఇదే లెక్కన 19 దాటిపోగలదు. అలాంటి చోట హద్దు 22 ఉన్న టీడీఏ2030ఏ వాడాలి.

రెండు చానళ్లకు 80 నుంచి 100 వోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా సరిపోతుంది. ఫిల్టర్ కెపాసిటర్ల విషయంలో మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి. 50 హెర్ట్జ్ మెయిన్స్ మీద బ్రిడ్జి తర్వాత సెకనుకు వందసార్లు కెపాసిటర్ నిండుతుంది. రెండు నింపుళ్ల మధ్య 10 మిల్లీసెకన్లు అదే ఒంటరిగా లోడును మోయాలి. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ నుంచి ఒక ఆంపియరు లాగితే ఆ వ్యవధిలో వోల్టేజి 2 వోల్టుల దాకా పడుతుంది. 10,000 మైక్రోఫారడ్ పెడితే ఒక వోల్టు. హమ్, అంటే స్పీకర్లో ఆగని గుయ్యి, వినపడగానే కెపాసిటర్ పెంచమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ ఈ చిప్పులు సప్లయి మీది అలజడిని అవుట్‌పుట్‌కి చేరనివ్వకుండా అణచిపెట్టడంలో చాలా గట్టివి. రెండు వోల్టుల రిపుల్ (సప్లయిలో ఈ ఎగుడుదిగుడు) ఉన్నా, శబ్దం అంచులు తెగేంత పెంచితే తప్ప అది చెవికి తెలియదు. కెపాసిటర్ మరీ పెద్దదైతే నింపే కరెంటు ఇంకా సన్నగా, పదునుగా తయారై, వైరింగ్ తప్పుగా ఉన్న పెట్టెలో హమ్ తగ్గకపోగా పెరగవచ్చు కూడా. ఒక్కో వైపు 4700 నుంచి 10,000 మధ్య పెట్టి, హమ్‌కి కారణం గ్రౌండులో వెతకండి.

ఒకే సప్లయి ఉంటే? చేయవచ్చు. అవుట్‌పుట్‌లో 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ స్పీకరుకు వరుసలో పెట్టాలి, ఇన్‌పుట్‌ని సప్లయిలో సగం దగ్గర నిలబెట్టాలి. పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటిది చేతిలో ఉన్నప్పుడు అది మంచి దారే.

వేడి

నా దృష్టిలో చిప్ యాంప్లిఫయర్లలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. చిప్ వేడిని గాలిలోకి వదిలే లోహపు హీట్ సింక్‌కి పటంలో గుర్తే ఉండదు.

ఎల్ఎం1875 లాంటి క్లాస్ ఏబీ చిప్ అత్యధికంగా వేడెక్కేది పూర్తి వాల్యూమ్‌లో కాదు. అవుట్‌పుట్ శిఖరం సప్లయిలో దాదాపు 64 శాతం దగ్గర ఉన్నప్పుడు, అంటే గరిష్ఠ శక్తిలో 40 శాతం దగ్గర. అక్కడ చిప్ మీద పడే వోల్టేజి, దానిలో పారే కరెంటు రెండూ పెద్దవిగా ఉంటాయి. ఆ గరిష్ఠ వేడికి సూత్రం: మొత్తం సప్లయి వోల్టేజి వర్గాన్ని, స్పీకర్ ఓములను 19.7తో గుణించి వచ్చినదానితో భాగించాలి. సప్లయి 50 వోల్టులు, స్పీకర్ 8 ఓములు అయితే 15.8 వాట్లు వస్తుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ వెదజల్లేంత వేడి అది, గోరంత సిలికాన్ ముక్కలో పుడుతుంది.

లోపలి సిలికాన్ 150 డిగ్రీలు దాటకూడదు. పెట్టెలోని గాలి 40 డిగ్రీలు అనుకుందాం. మధ్యలో మనకున్న ఖాళీ 110 డిగ్రీలు. దాన్ని 15.8తో భాగిస్తే వాటుకు 7 డిగ్రీలు. సిలికాన్ నుంచి చిప్ వెనక రేకు దాకా 3 డిగ్రీలు పోతాయి, చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య విద్యుత్తు దాటకుండా పెట్టే మైకా పొర, పేస్టు కలిపి మరో డిగ్రీ. హీట్ సింక్‌కి మిగిలేది వాటుకు 3 డిగ్రీలు. ఇది ఒక చానల్‌కి, కచ్చితంగా కొనగలిగే సైజు.

అదే 50 వోల్టుల మీద 4 ఓముల స్పీకర్ తగిలించి చూడండి. వేడి 31.7 వాట్లు అవుతుంది. 110ని దానితో భాగిస్తే 3.5. చిప్ లోపలి దారికీ మైకాకూ కలిపే 4 కావాలి. అంటే ఎంత పెద్ద హీట్ సింక్ తెచ్చినా, ఫ్యాను పెట్టినా ఆ లెక్క కుదరదు. వేడి చిప్ లోపలే ఆగిపోతుంది. 4 ఓముల స్పీకర్లు వాడేవారు సప్లయిని ప్లస్ మైనస్ 18 దగ్గరికి దించాలి. అప్పుడు వేడి మళ్లీ 16 వాట్ల దగ్గరికి వస్తుంది, శబ్దంలో నష్టమూ పెద్దగా ఉండదు. హీట్ సింక్ కొనకముందే కాగితం మీద ఈ ఒక్క భాగహారం చేసుకుంటే ఎంతో డబ్బూ చిప్పులూ మిగులుతాయి.

పాట సామాన్యంగా ఈ గరిష్ఠ వేడి దగ్గరే ఉండిపోదు కాబట్టి, లెక్క తప్పిన యాంప్లిఫయర్లు కూడా కొన్నాళ్లు నడుస్తాయి. ఎల్ఎం1875 లోపల 170 డిగ్రీలకు తనను తాను ఆపేసుకుని 145కి దిగాక మళ్లీ మొదలయ్యే ఏర్పాటు ఉంది. పాట కాసేపు వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంటే వైరు వదులైందని వెతికే ముందు హీట్ సింక్‌ని చూడండి.

మరొకటి. ఎల్ఎం1875, టీడీఏ2030, టీడీఏ7294 చిప్పుల వెనక రేకు గ్రౌండు కాదు, మైనస్ సప్లయి. మైకా, ఇన్సులేటింగ్ బుష్ లేకుండా బిగిస్తే హీట్ సింక్ మొత్తం మైనస్ 25 వోల్టుల మీద ఉంటుంది, ఎర్త్ చేసిన పెట్టెకు తగిలితే నేరుగా షార్టు. బిగించాక మల్టీమీటరుతో రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య కంటిన్యుటీ లేదని చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఎల్ఎం3886లో టీఎఫ్ రకానికి వెనక కూడా ప్లాస్టిక్ ఉంటుంది. మైకా బెడద లేదు కానీ వేడి బయటికి రావడం కాస్త నెమ్మది.

గ్రౌండు అనేది ఒక చోటు కాదు

పటంలో పది చోట్ల ఒకే గ్రౌండు గుర్తు గీస్తారు. అవన్నీ ఒకే వోల్టేజి మీద ఉన్నాయని మనం నమ్మేస్తాం. నిజంలో వాటి మధ్య ఉన్నది రాగి తీగ, దానికీ రెసిస్టెన్స్ ఉంది.

అర చదరపు మిల్లీమీటరు తీగకు మీటరుకు 34 మిల్లీ ఓములు. పది సెంటీమీటర్ల ముక్కకు 3.4 మిల్లీ ఓములు. లెక్కలోకి రానంత తక్కువే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫిల్టర్ కెపాసిటర్లకు కరెంటు ధారగా వెళ్లదు, శిఖరాల దగ్గర మాత్రమే దడాలున దూకుతుంది. సగటు ఒక ఆంపియరు అయినా ఆ దూకుడు ఐదు ఆంపియర్లు ఉండవచ్చు. ఐదు ఆంపియర్లు ఆ చిన్న ముక్కలో 17 మిల్లీవోల్టులు పుట్టిస్తాయి. ఇన్‌పుట్ గ్రౌండు ఆ ముక్క అవతలి కొసకు కలిపి ఉంటే, చిప్‌కి ఆ 17 మిల్లీవోల్టులు పాటలో భాగంగానే కనిపిస్తాయి. నిజాయితీగా 23 రెట్లు పెంచి 0.4 వోల్టుల హమ్ స్పీకరుకు ఇస్తుంది. గది అవతల నిలబడినా వినిపిస్తుంది. అందులో చిప్ తప్పు లేదు, కెపాసిటర్ తప్పు లేదు.

కాబట్టి వరుస ముఖ్యం. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ నేరుగా రెండు ఫిల్టర్ కెపాసిటర్ల కలయికకు, పొట్టిగా, లావుగా. ఆ నింపే కరెంటు అక్కడితో ముగిసిపోవాలి. అక్కడి నుంచి ఒక్క తీగ బయలుదేరి ఒక ప్రధాన బిందువుకు చేరాలి. స్పీకర్ తిరుగు తీగ, చిప్ దగ్గరి సప్లయి కెపాసిటర్ల గ్రౌండు ఆ బిందువుకు వేరువేరుగా రావాలి. ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండు, ఇన్‌పుట్ రెసిస్టర్ గ్రౌండు, ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ గ్రౌండు, ఈ మూడూ ముందు తమలో తాము కలిసి, తర్వాత ఒకే తీగతో ప్రధాన బిందువుకు చేరాలి. పెద్ద కరెంటు ఎప్పుడూ ఆ తీగలోకి అడుగు పెట్టకూడదు. పెట్టె రేకుకు మెయిన్స్ ఎర్త్ తప్పనిసరి. అది ప్రాణరక్షణ, ఏ హమ్ కోసమూ దాన్ని విప్పకూడదు.

హమ్ ఎక్కడిదో పట్టడానికి చెవే సాధనం. ఇన్‌పుట్ షార్టు చేసినా గరగరమని 100 హెర్ట్జ్ మోత వస్తుంటే అది లోపలి గ్రౌండు వరుస తప్పు. షార్టు చేస్తే పోయి, తీసేస్తే మెత్తని 50 హెర్ట్జ్ గుయ్యి వస్తుంటే షీల్డు వైరునూ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దగ్గరగా ఉందన్నదీ చూడాలి. ప్లేయర్ తగిలించినప్పుడే వస్తే రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి చుట్టు తయారైందని అర్థం.

సెంటీమీటర్ల విలువ

1999లో జపాన్‌కు చెందిన 47 లేబొరేటరీ గెయిన్‌కార్డ్ అనే ఖరీదైన యాంప్లిఫయర్ తెచ్చింది. దాని మూత తీసి చూసినవారికి కనిపించింది ఎల్ఎం3875 చిప్, చుట్టూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని భాగాలు. ఇంట్లో కట్టుకునేవారు దాన్ని అనుకరించడంతో గెయిన్‌క్లోన్ అనే పేరు పుట్టి, చిప్ యాంప్లిఫయర్లకు గౌరవం వచ్చింది. ఆ డిజైన్‌లో నేను మెచ్చేది పొట్టి దారులు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ని దాదాపు చిప్ కాళ్లకే అతికించారు.

దానికి కారణం ఉంది. తీగకు సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. పాటకు అది లెక్క కాదు. కానీ చిప్ ఎన్నో లక్షల హెర్ట్జ్ దాకా చురుగ్గానే ఉంటుంది, ఆ వేగంలో పొడుగాటి సప్లయి తీగ అడ్డంకి అవుతుంది. అందుకే ప్లస్, మైనస్ కాళ్లకు చెరొక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి రెండు సెంటీమీటర్లలోపే పెట్టాలి, పక్కనే చెరొక 100 మైక్రోఫారడ్. అవుట్‌పుట్‌లో 1 ఓము, 0.22 మైక్రోఫారడ్ వరుసగా గ్రౌండుకు పెట్టేది కూడా ఇందుకే. స్పీకర్ కాయిల్ హై ఫ్రీక్వెన్సీలో చిప్‌కి లోడుగా మిగలదు కాబట్టి ఆ పని ఈ జత చేస్తుంది. పాట లేకుండానే హీట్ సింక్ వేడెక్కుతుంటే, ఆ 1 ఓము రెసిస్టర్ మాడిన వాసన వస్తుంటే, చిప్ వినపడకుండా ఊగుతోందన్న మాట. పేరున్న చిప్పులకు పై రంగు మార్చిన నకిలీలు కూడా విస్తారంగా ఉన్నాయి. నమ్మకమైన పంపిణీదారు దగ్గర తీసుకోని చిప్ ఏ లెక్కకూ లొంగకపోతే, మీ సోల్డరింగ్‌ని మరీ ఎక్కువగా అనుమానించవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

స్పీకర్ తగిలించవద్దు. మెయిన్స్ తీగకు వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. ప్లగ్గు పీకేసి, కెపాసిటర్లలో మిగిలిన వోల్టేజిని రెసిస్టర్‌తో దించి, అప్పుడే చేయి పెట్టాలి.

బల్బు చల్లబడితే ప్లస్, మైనస్ సప్లయిలు దాదాపు సమానంగా ఉన్నాయో కొలవండి. తర్వాత అవుట్‌పుట్‌లో డీసీ. అది 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి, మామూలుగా ఇంకా తక్కువే ఉంటుంది. వోల్టులలో కనిపిస్తే స్పీకర్ జోలికి పోకూడదు. 8 ఓముల స్పీకర్ కాయిల్ అసలు రెసిస్టెన్స్ 6 ఓముల దగ్గర ఉంటుంది. చిప్ పాడై 25 వోల్టులు అందులో నిలబడితే వంద వాట్లకు పైగా వేడి కొన్ని సెకన్లలో కాయిల్‌ని కాల్చేస్తుంది. ఖరీదైన స్పీకర్లు ఉన్నవారు డీసీ కనిపెట్టి విడదీసే రిలే బోర్డు ఒకటి మధ్యలో పెట్టుకోవడం మంచిది. కొలతలు సరిపోతే పనికిరాని పాత స్పీకర్‌తో, తక్కువ వాల్యూమ్‌లో మొదలుపెట్టండి. బల్బు తీసేసి, తగిన ఫ్యూజు వేసి, గంటసేపు మామూలు శబ్దంతో నడిపి, హీట్ సింక్ మీద వేలు పెట్టి చూడండి. ఐదు సెకన్లు ఆనించి ఉంచగలిగితే మూత బిగించవచ్చు.